బోర్డింగ్ స్కూలు, బోర్డింగ్ పాసు: రెండింటిలోనూ ఉన్నది ఒకే ‘బోర్డ్’ అనుకోవచ్చా?

పదాన్వేషి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఒక సంస్థ నియమావళిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తున్నాను. అందులో ఒకే పుటలో ‘బోర్డ్’ అనే నామవాచకం మూడు చోట్ల మూడు వేర్వేరు అర్థాల్లో ఎదురైంది. మొదటి చోట అది సంస్థను నడిపే పాలకమండలి. రెండో చోట ‘రూమ్ అండ్ బోర్డ్’ అన్నారు. సందర్భాన్ని బట్టి అది బస, భోజనం అని అర్థమైంది. మూడో చోట కొత్తగా నియమితులైనవారిని ‘ఆన్ బోర్డ్’ తీసుకోవడం గురించి చెప్పారు.

ఆ పుట దాటేసరికి చిన్నప్పటి నుంచి ఉన్న అనుమానం ఒకటి మళ్లీ తలెత్తింది. బోర్డింగ్ స్కూల్లో పిల్లలు ఉండిపోయి చదువుకుంటారు; బోర్డింగ్ పాసు చేతికి వస్తే మనం ఉన్నచోటు వదిలి వెళ్లిపోతాం. ఉండటానికీ వెళ్లడానికీ ఒకే మాట ఎలా పనికి వచ్చింది? నిఘంటువు తెరిస్తే ‘చెక్క’తో మొదలుపెట్టి అర్థాలన్నీ వరుసగా ఇచ్చారు గానీ, ఒక అర్థం నుంచి మరో అర్థానికి దారి ఎలా పడిందో చెప్పలేదు. బ్లాక్‌బోర్డు విషయంలో ఇబ్బంది లేదు, అది చెక్కే. కానీ చెక్కకూ తిండికీ, చెక్కకూ కమిటీకీ, చెక్కకూ ప్రయాణానికీ ఉన్న చుట్టరికం ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

వాడుక గురించి కూడా ఒక సందేహం ఉంది. అనువాదంతో పాటు పంపిన ఇంగ్లీషు లేఖలో నేను ‘ఆన్ ద బోర్డ్’ అని రాస్తే, దాన్ని సరిచూసినవారు మధ్యలోని ‘ద’ను కొట్టేసి, ఉంచితే అర్థం మారిపోతుందన్నారు. ఎలా మారుతుందో మాత్రం చెప్పలేదు.

పాతపుటలు

పదాన్వేషి గారూ, మీ అనుమానం సరైనదే. ఇప్పుడు ఒకటిగా కనిపిస్తున్న ఈ మాట నిజానికి రెండు మాటల కలయిక. ప్రాచీన జర్మానిక్ భాషల్లో చెక్కను, పలకను సూచించే మాట ఒకటి ఉండేది. అంచును, ముఖ్యంగా ఓడ పక్కభాగాన్ని సూచించే మాట మరొకటి ఉండేది. రెండింటి ఉచ్చారణా దాదాపు ఒకటే. పాత ఇంగ్లీషు కాలానికే అవి ‘బోర్డ్’ అనే ఒకే రూపంలో కలగలిసిపోయాయి. ఓడ పక్కభాగాన్ని కట్టేది ఎలాగూ చెక్కలతోనే కాబట్టి, ఆ కలయిక ఎవరికీ వింతగా తోచి ఉండదు.

ఈ విషయాన్ని నమ్మడానికి ఇంగ్లీషు పక్కింటి భాషలను చూస్తే చాలు. జర్మన్‌లో నేటికీ ‘బోర్ట్’ అనే మాట రెండు లింగాల్లో ఉంది: నపుంసక లింగంలో వాడితే గోడకు బిగించిన అర, పుంలింగంలో వాడితే ఓడ పక్కభాగం. డచ్చివారు మరింత స్పష్టంగా అచ్చు నిడివిలోనే తేడా నిలుపుకున్నారు. హ్రస్వంతో పలికేది పలక, భోజనం పళ్లెం. దీర్ఘంతో పలికేది అంచు, ఓడ పక్క. ఇంగ్లీషు పోగొట్టుకున్న హద్దు వాళ్ల దగ్గర భద్రంగా ఉంది.

ఇక మొదటి పాయ, అంటే చెక్క పాయ, ఎటు పారిందో చూద్దాం. పాత ఇంగ్లీషులోనే ఈ మాటకు చెక్క అనే అర్థంతో పాటు డాలు, భోజనపు బల్ల అనే అర్థాలు కూడా ఉన్నాయి. 937లో జరిగిన బ్రునన్‌బర్ యుద్ధాన్ని వర్ణించే పద్యంలో శత్రువుల ‘బోర్డ్ గోడ’ను చీల్చారని వస్తుంది, అది యోధులు భుజం భుజం కలిపి నిలబెట్టిన డాళ్ల వరుస. ఆ కాలపు డాళ్లను చెక్కతోనే చేసేవారు. ఇది ఇంగ్లీషువారికి మాత్రమే తట్టిన ఊహ కాదు. మన ‘పలక’కు మూలమైన సంస్కృత ‘ఫలకం’ కూడా చెక్కే, డాలే. అమరకోశం ఫలకాన్ని డాలుకు పర్యాయపదంగా చెబుతుంది. ఎక్కడో ఉత్తర సముద్రపు ఒడ్డున ఒకటి, ఇక్కడ ఒకటి, సంబంధం లేని రెండు మాటలు ఒకే దారిన నడిచాయంటే నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

డాలు అర్థం కాలక్రమంలో మాసిపోయింది, బల్ల అర్థం మాత్రం పిల్లలను పెట్టింది. పూర్వపు ఇళ్లలో భోజనపు బల్ల ఇప్పటిలా స్థిరంగా ఉండేది కాదు. భోజనవేళకు ఊతకర్రల మీద పొడవాటి చెక్కలు పరిచి, తినడం పూర్తయ్యాక తీసి గోడకు ఆనించడం మామూలు. కాబట్టి ‘బోర్డ్’ అంటే బల్ల, బల్ల అంటే దాని మీద వడ్డించిన తిండి, తిండి అంటే డబ్బు తీసుకుని రోజూ పెట్టే భోజనం అని అర్థం జరుగుతూ వచ్చింది. మీ నియమావళిలోని ‘రూమ్ అండ్ బోర్డ్’ ఈ కొమ్మదే. భోజనంతో సహా విద్యార్థులను ఉంచుకునే బడి బోర్డింగ్ స్కూలు అయింది. అలా ఉండేవాడు ‘బోర్డర్’. యజమానులు ఊళ్లో లేనప్పుడు పనివారు తమ తిండి తామే చూసుకోవడానికి ఇచ్చే మొత్తాన్ని ‘బోర్డ్ వేజెస్’ అనేవారు. ఇప్పటికీ హోటళ్లు ‘ఫుల్ బోర్డ్’ అంటే మూడు పూటలా భోజనం, ‘హాఫ్ బోర్డ్’ అంటే ఉదయపు ఫలహారంతో పాటు మరొక పూట భోజనం అని అర్థం.

అదే బల్ల చుట్టూ తినడానికి కాక మాట్లాడటానికి కూర్చుంటే కమిటీ అయింది. ముందు సలహాదారులు కూర్చునే బల్లను, తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చునే మనుషులను, చివరికి వాళ్ల అధికారాన్ని ఈ మాట సూచించింది. 1696లో ఇంగ్లండులో రాజు మూడో విలియం నియమించిన వాణిజ్య వ్యవహారాల సంఘం ‘బోర్డ్ ఆఫ్ ట్రేడ్’గా పేరు పొందింది. చరిత్ర చదివినవారికి 1784 నాటి పిట్ చట్టం కింద ఈస్టిండియా కంపెనీ మీద పర్యవేక్షణకు ఏర్పడిన ‘బోర్డ్ ఆఫ్ కంట్రోల్’ గుర్తుండే ఉంటుంది. వస్తువు పేరు అధికారానికి అంటుకోవడం కొత్తేమీ కాదు. ‘బ్యూరో’ మొదట ముతక ఉన్ని గుడ్డ, తర్వాత ఆ గుడ్డ పరిచిన రాతబల్ల, ఆ తర్వాత కార్యాలయం. ‘కుర్చీ కోసం కొట్లాట’ అని మనం అన్నప్పుడు కొట్టుకునేది కొయ్య కుర్చీ కోసం కాదు కదా.

బోర్డింగ్ పాసు ఈ కొమ్మది కాదు, రెండో పాయది. ఒక ఓడ ఇంకో ఓడ పక్కకు చేరడం, చేరి దాని మీదికి దూకడం అనే అర్థంలో ‘బోర్డ్’ క్రియ అయింది. ఇందులో ఫ్రెంచి ‘బోర్’ ప్రభావం కూడా ఉంది. విచిత్రమేమంటే ఆ ఫ్రెంచి మాట కూడా జర్మానిక్ భాషల నుంచి వెళ్లిందే. అప్పు ఇచ్చిన ఇంటికే వడ్డీతో తిరిగి వచ్చిందన్నమాట. దాడి చేసి ఎక్కడం క్రమంగా మామూలుగా ఎక్కడమై, ఓడ నుంచి రైలుకూ, రైలు నుంచి విమానానికీ పాకింది. కాబట్టి ‘బోర్డర్’ అనే మాటకు కూడా రెండు ముఖాలు ఉన్నాయి: బడిలో ఉండి తినే పిల్లవాడు ఒకడు, కత్తి పట్టుకుని ఓడ మీదికి దూకేవాడు ఒకడు. సరిహద్దు అనే అర్థంలో వేరే వర్ణక్రమంతో రాసే ‘బోర్డర్’, వస్త్రానికి అంచుగా నేసే బోర్డరు కూడా ఫ్రెంచి మీదుగా వచ్చిన ఈ అంచు పాయ సంతానమే.

రేచుక్క

చాలా చక్కగా వివరించారు. ఓడల ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న మాట చేరుస్తాను. ఓడ కుడి పక్కను ‘స్టార్‌బోర్డ్’ అంటారు. రాత్రివేళ నావికులు ఆ పక్క నుంచి నక్షత్రాలను చూసి దిక్కు తెలుసుకునేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎక్కడో చదివాను. ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ (పోయేటప్పుడు ఓడ ఎడమ పక్క, తిరిగి వచ్చేటప్పుడు కుడి పక్క) అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిసి ‘పాష్’ అయిందని కూడా విన్నాను.

తీరవాసి

రేచుక్క గారూ, మీ పేరుకు తగిన వివరణే గానీ, స్టార్‌బోర్డులో నక్షత్రం లేదు. పాత ఇంగ్లీషులో ఆ మాట ‘స్టేయోర్‌బోర్డ్’. మొదటి భాగం ‘స్టీర్’ అనే క్రియకు, అంటే ఓడను నడపడానికి, సంబంధించినది. చుక్కాని ఓడ వెనుక భాగం మధ్యకు చేరక ముందు, దిశ మార్చడానికి పెద్ద తెడ్డును ఒక పక్కన కట్టేవారు. ఎక్కువమందిది కుడిచేతి వాటం కాబట్టి ఆ తెడ్డు కుడి పక్కనే ఉండేది. నడిపే తెడ్డు ఉన్న పక్క కాబట్టి స్టార్‌బోర్డ్. తెడ్డు పోయి శతాబ్దాలు గడిచినా పేరు మాత్రం నిలిచింది.

తెడ్డు పట్టుకున్న మనిషి వీపు ఎడమ పక్కకు ఉండేది కాబట్టి, పాత ఇంగ్లీషువారు ఎడమ పక్కను ‘వీపు పక్క’ అనేవారు. జర్మన్‌లో ఆ మాట ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషులో దాని స్థానంలోకి ‘లార్‌బోర్డ్’ వచ్చింది. గాలి హోరులో కేక వేస్తే లార్‌బోర్డూ స్టార్‌బోర్డూ ఒకేలా వినిపించి ప్రమాదాలకు దారితీసే వీలుంది. అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డుకు బదులు ‘పోర్ట్’ అనాలని ఆదేశించింది. రెండేళ్ల తర్వాత అమెరికా నౌకాదళం కూడా అదే చేసింది. కుడి పక్కన తెడ్డు ఉండటం వల్ల ఎడమ పక్కనే రేవుకు ఆనించేవారు, అందుకే ఆ పక్కకు ‘పోర్ట్’ అనే పేరు కుదిరింది.

‘పాష్’ గురించి మీరు విన్న కథ చాలా ప్రచారంలో ఉన్నదే. అయితే దాన్ని బలపరిచే ఆధారం ఏదీ దొరకలేదు. మొదటి అక్షరాలు కలిపి మాట పుట్టిందని ఎవరైనా చెబితే, నేను ముందు అనుమానించి తర్వాత వింటాను.

రేచుక్క

సరిదిద్దినందుకు ధన్యవాదాలు. నక్షత్రాల కథ వదులుకోవడానికి కొంచెం బాధగానే ఉంది.

కొయ్యపని

నేను కలపతో పనిచేసేవాణ్ని. మా వృత్తిలో ‘బోర్డ్’, ‘ప్లాంక్’ రెండూ చెక్కలే అయినా ఒకటి కావు. సాధారణంగా పలుచగా కోసినది బోర్డ్, మందంగా కోసినది ప్లాంక్. అమెరికాలో కలపను ‘బోర్డ్ ఫుట్’ అనే కొలతతో అమ్ముతారు. అది ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అంగుళం మందం గల చెక్క, అంటే 144 ఘనపు అంగుళాలు. పేరులో అడుగు ఉన్నా అది పొడవు కాదు, ఘనపరిమాణం. కొత్తవాళ్లు ఇక్కడే పొరపడతారు.

పదాన్వేషి

ఇంత వివరంగా చెబుతారని ఊహించలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు మరో సందేహం. కప్‌బోర్డు, డాష్‌బోర్డు వంటి సమాసాలు ఏ పాయకు చెందుతాయి? వాడుక ప్రశ్నకు ఇంకా సమాధానం రాలేదని కూడా గుర్తు చేస్తున్నాను.

పాతపుటలు

రెండూ చెక్క పాయవే. ‘కప్‌బోర్డ్’ మొదట తలుపులున్న అర కాదు, గిన్నెలను, పాత్రలను నలుగురికీ కనిపించేలా అమర్చిన బల్ల. ప్రదర్శనకు పెట్టిన బల్ల చివరికి వస్తువులను దాచే పెట్టె అయింది. పలకడంలో మధ్యనున్న ‘ప’కారం పోయి, రెండో భాగంలోని బోర్డు కూడా కరిగిపోయి, ఇంగ్లీషువారి నోట అది ‘కబర్డ్’ అయింది. మనం ‘కబోర్డు’ అని పలికితే పకారం వదిలి బోర్డును నిలబెట్టినట్టు. ఆ రకంగా చూస్తే వ్యుత్పత్తి మీద వాళ్లకన్నా మనకే కొంత గౌరవం ఉందనాలి.

డాష్‌బోర్డు కథ ఇంకా బాగుంటుంది. గుర్రపు బండి ముందు భాగంలో, డెక్కల తాకిడికి ఎగిరే బురద బండి తోలేవాడి మీద పడకుండా అడ్డంగా బిగించిన చెక్క అది. గుర్రం పోయి మోటారు వచ్చాక ఆ స్థానంలోనే కొలత పరికరాలు అమర్చారు, పేరు వాటికి బదిలీ అయింది. నేడు కంప్యూటర్ తెరపై అంకెలు, పటాలు చూపే పుటను కూడా డాష్‌బోర్డు అంటున్నాం. అక్కడ చెక్కా లేదు, బురదా లేదు.

సవరణల బల్ల

వాడుక సంగతి నేను చెబుతాను. ప్రచురణకు వచ్చే ఇంగ్లీషు వ్యాసాలను సరిదిద్దడం నా పని, ఈ మాట దగ్గర కలం ఆగని రోజు తక్కువ.

పదాన్వేషి గారి లేఖను సరిచూసినవారు చేసింది న్యాయమే. ‘షి ఈజ్ ఆన్ ద బోర్డ్’ అంటే ఆమె పాలకమండలిలో సభ్యురాలు. ‘షి ఈజ్ ఆన్ బోర్డ్’ అంటే ఆమె ఓడలోనో విమానంలోనో ఉన్నారని, లేదా మన ప్రతిపాదనకు ఒప్పుకుని మనతో కలిసి వస్తున్నారని. పాతపుటలు గారు చెప్పిన రెండు పాయలకు మధ్య ఇక్కడ గట్టుగా నిలిచింది ‘ద’ అనే ఆ చిన్న మాటే. కొత్త ఉద్యోగిని ‘ఆన్ ద బోర్డ్’ తీసుకున్నామని రాస్తే, చేరిన రోజునే అతణ్ని డైరెక్టరును చేసినట్టవుతుంది.

‘ఆన్ బోర్డ్’ను రెండు మాటలుగా విడిగా రాయాలా, కలిపి రాయాలా అన్నది మరో తికమక. నామవాచకానికి ముందు విశేషణంగా వస్తే కలిపి రాయడం, మిగతా చోట్ల విడిగా రాయడం మంచి అలవాటు. ‘అబోర్డ్’ తర్వాత ‘ఆన్’ గానీ ‘ఇన్’ గానీ అవసరం లేదు. క్రియగా వాడినప్పుడు కూడా అంతే, ‘బోర్డ్ ద ట్రెయిన్’ అంటే సరిపోతుంది. తెలుగులో రైలు ‘లోకి’ ఎక్కుతాం కాబట్టి మన చేయి అప్రయత్నంగా ‘ఇన్‌టు’ చేరుస్తుంది. నా దగ్గరికి వచ్చే వ్యాసాల్లో నేను ఎక్కువగా కొట్టేసేది దాన్నే.

పాలకమండలి అర్థంలో బోర్డు ఏకవచనమా, బహువచనమా అని కూడా అడుగుతుంటారు. అమెరికన్లు దాదాపు ఎప్పుడూ ఏకవచన క్రియే వాడతారు. బ్రిటిష్ వారు మండలిని ఒక్కటిగా చూస్తే ఏకవచనం, సభ్యులను విడివిడిగా తలచుకుంటే బహువచనం వాడతారు. ఏది ఎంచుకున్నా ఒకే వ్యాసంలో రెండూ కలపకూడదు.

మన తెలుగు ‘బోర్డు’ మరో దారి తొక్కిందని కూడా గమనించాలి. పేరు రాసి తగిలించిన ఫలకాన్ని మనం ఒట్టి బోర్డు అంటాం. ఆ అర్థంలో ఇంగ్లీషులో ‘సైన్’ అనడమే సహజం. ఇక జనం డబ్బు కట్టించుకున్న సంస్థ రాత్రికి రాత్రి మాయమైతే ‘బోర్డు తిప్పేసింది’ అంటాం. దీన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టిన వ్యాసం ఒకటి నా ముందుకు వచ్చింది. చదివిన విదేశీ పాఠకుడికి డైరెక్టర్లను గిరగిరా తిప్పారేమో అనిపిస్తుంది.

తీరవాసి

జాతీయాలు కూడా రెండు పాయలుగానే విడిపోతాయి. ‘గో బై ద బోర్డ్’ అంటే వదిలివేయబడటం, గాలికి పోవడం. ఇందులోని బోర్డు ఓడ పక్క, తుపానులో తెరచాప స్తంభం విరిగి దాని మీదుగా సముద్రంలో పడిపోవడం ఇందులోని బొమ్మ. ‘అబవ్ బోర్డ్’ అంటే దాపరికం లేనిది, ఇందులోనిది బల్ల. పేకాటలో చేతులు బల్ల మీదే ఉంటే ముక్కలు మార్చడానికి వీలుండదు. లంచాన్ని మనం ‘బల్ల కింద చేతులు’ అంటాం కదా, ఇది సరిగ్గా దానికి ఎదురుమాట. ‘అక్రాస్ ద బోర్డ్’ మాత్రం అమెరికా గుర్రప్పందేల నుంచి వచ్చింది: ఒకే గుర్రం మీద మొదటి, రెండు, మూడు స్థానాలకు సమానంగా పందెం కాయడం. అందుకే అది ‘అందరికీ ఒకే రీతిన’ అనే అర్థాన్ని సంపాదించింది.

పదాన్వేషి

‘బల్ల కింద చేతులు’ చూశాక నియమావళిలోని నాలుగో చోటు కూడా తేలిపోయింది. అక్కడ ‘అబవ్ బోర్డ్’ అని ఉంటే, ‘మండలికి పైన’ అని అనువదించి ఉంచాను! దాన్ని వెంటనే ‘దాపరికం లేకుండా’ అని మార్చాను. మిగిలిన వాటికి పాలకమండలి, బస–భోజనం అని ఖాయం చేసుకున్నాను. ఉద్యోగులను ‘ఆన్ బోర్డ్’ తీసుకోవడానికి ‘ఎక్కించుకోవడం’ అని రాయలేను కదా, ఏమంటే బాగుంటుంది?

సవరణల బల్ల

‘చేర్చుకోవడం’ అనండి. ఓడ బొమ్మ పోతుంది, పోనివ్వండి. ఇంగ్లీషు పాఠకుడికి కూడా అక్కడ ఓడ కనిపించడం మానేసి చాలాకాలమైంది. చేరినవారికి మొదటి రోజుల్లో ఇచ్చే పరిచయ శిక్షణ కూడా అందులో భాగమైతే ఆ మాటను విడిగా రాయండి, ఒక్క పదంలో ఇరికించవద్దు.